చెయ్యి కడగని భోజనం

మా పుంగనూరు వైపు పెళ్ళిచూపులకు పోయిన మగపెళ్ళివారు ఆడపిల్ల వాళ్ళ దగ్గర ఏమైనా తినవచ్చు, అన్నం తప్ప. ఉప్మా తినవచ్చు, బోండాలు తినవచ్చు, అరటిపండు తిని తొక్క ఎక్కడ వెయ్యాలో తెలియక చేతిలో పట్టుకొని కూర్చోవచ్చు. అన్నం తిని చెయ్యి కడిగితే మాత్రం సంబంధం ఒప్పుకున్నట్టే. ఆ చేతిమీద ఆడపెళ్ళివారే చెంబుతో నీళ్ళు పోస్తారు. ఆ నీళ్ళు పడ్డాక వెనక్కి పోయేది లేదు. తాంబూలాలు, ముహూర్తాలు అన్నీ చేతి తడి ఆరేలోగా మాట్లాడుకొనే విషయాలు. ఈ నియమం ఎవరు పెట్టారో తెలియదు. ఎక్కడా రాసి లేదు కాబట్టి కొట్టివెయ్యడానికి కూడా వీలు లేకపోయింది.

మా పెదనాన్న కొడుకు ఒకడు ఇట్లాగే చూపులకు పోయి, తిరుగు బస్సు తప్పిపోయి, ఆకలికి ఆగలేక చారన్నం తిని, ఆ ఇంటికే అల్లుడయ్యాడు. సుఖంగానే ఉన్నాడు. ఆ రోజు చారు చాలా బాగుందని ఇప్పటికీ చెబుతాడు. పిల్ల సంగతి ఎప్పుడూ చెప్పలేదు.

నేను డెబ్బైల చివర మదనపల్లెలో డిగ్రీ పూర్తి చేసి, కొంతకాలం ఊరికే తిరిగి, ఎనభైల నడిమికి కుప్పంలో ఒక బ్యాంకులో గుమాస్తాగా కుదురుకున్నాను. కుప్పంలో మా ఖాతాదారులు తెలుగులో మొదలుపెట్టి, తమిళంలో పోట్లాడి, కన్నడంలో నవ్వి వెళ్ళిపోయేవాళ్ళు. మూడు భాషల్లోనూ నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: పెళ్ళి ఎప్పుడు? ఉద్యోగం వచ్చాక పెళ్ళి కాని మగవాణ్ణి మా వైపు తలుపు తీసిపెట్టిన బీరువాలా చూస్తారు. దారిన పోయే ప్రతివాడికీ దాన్ని మూసి వెళ్ళాలనిపిస్తుంది.

అట్లా మూయడానికి వచ్చిన సంబంధాల్లో ఇది ఒకటి. పిల్ల తండ్రి మదనపల్లెకూ వాయల్పాడుకూ నడుమ ఒక మెట్ట ఊరి రైతు. మా నాయనకు ఎద్దుల సంతలో పరిచయం. పిల్ల బీఎస్సీ చదివింది. అంతవరకు అన్నీ బాగున్నాయి. చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆ ఇంటినిండా పట్టుపురుగులు ఉన్నాయి. నాలుగో నిద్ర, అంటే గూడు కట్టేముందు ఆఖరిసారి పొర విడిచే నిద్ర, లేచి రాత్రీ పగలూ మల్బరీ ఆకు మేసే దశలో ఉన్నాయి. ఆ ఆఖరి వారంలో బయటివాళ్ళను గడప తొక్కనివ్వరు. ఏ రోగం మోసుకొస్తారో, ఎవరి కన్ను ఎట్లాంటిదో అని భయం. అవి గూళ్ళు కట్టేదాకా ఆగుదామంటే ఆషాఢం వచ్చిపడుతుంది. కాబోయే అల్లుడికీ పురుగులకూ నడుమ ఎవరిని ఎన్నుకోవాలో ఆయనకు ఒక్క నిమిషం కూడా సందేహం కలిగినట్టు లేదు. పిల్లను మదనపల్లెకు తీసుకొస్తామనీ, చూపులు హోటల్లో పెట్టుకుందామనీ కబురు పంపాడు.

మామూలు మెస్సు అయితే విస్తరి వేస్తారు, అన్నం పెడతారు. అది పనికిరాదు. అందుకని ఆయన ఆలోచించి, బస్టాండు దగ్గర కొత్తగా తెరిచిన చైనా హోటలును ఖాయం చేశాడు. మదనపల్లెలో అన్నం దొరకని హోటలు అదొక్కటేనని ఆయన నమ్మకం. మా నాయన కూడా ఇది చాలా తెలివైన ఏర్పాటని మెచ్చుకున్నాడు. చైనా వాళ్ళు పాములూ కప్పలూ తింటారని మా ఇంట్లో అందరికీ తెలుసు. పాములు తినేవాడికి అన్నంతో పనేమిటి?

నేను డిగ్రీ చదివాను కాబట్టి చైనాలో వరి పండుతుందని నాకు తెలుసు. కానీ పరీక్షలో తప్ప ఆ విషయం ఇంకెక్కడా ఎవరూ అడగలేదు.

కుప్పంలో నా పక్క సీటు మిత్రుడు బెంగళూరులో రెండు మూడుసార్లు చైనా భోజనం చేసినవాడు. స్పూను కుడిచేతిలో, ఫోర్కు ఎడమచేతిలో పట్టుకోవాలని చెప్పి, మెస్సులో ఇడ్లీ మీద నాకు శిక్షణ ఇచ్చాడు. ఇడ్లీ ఏమాత్రం ఎదురు తిరగలేదు. దాంతో నాకు ధైర్యం వచ్చింది.

శుక్రవారం సాయంత్రం పుంగనూరు చేరాను. శనివారం తెల్లవారి నాయనా నేనూ బయలుదేరుతుంటే, మోకాళ్ళ నొప్పులతో బస్సెక్కలేని మా అమ్మ వాకిట్లో పీట వేసుకొని కూర్చుని ఆజ్ఞలు జారీ చేసింది.

"ఏం పెట్టినా తినండి. అన్నం మాత్రం ముట్టద్దండి. పిల్లను నేను సూడల్ల. నేను సూడకుండా చెయ్యి కడిగి వచ్చినారంటే ఇంగ ఈ ఇంట్లో మీకు అన్నం లేదు."

"చైనా హోటల్లో అన్నం యాడుంటాదే?" అన్నాడు నాయన.

"ఉంటే?"

"ఉండదులే."

మా నాయన ఊళ్ళో పదిమంది తగవులు తీర్చే మనిషి. అమ్మ ముందు మాత్రం ఆయన మాటలన్నీ 'లే'తో ముగిసేవి.

హోటలు ఒక బట్టలకొట్టు పైన, మేడమీద ఉంది. మెట్లెక్కి తలుపు తోసేసరికి పట్టపగలు చీకటి. ఎర్ర కాగితం లాంతర్లు వేలాడుతున్నాయి. గోడమీద డ్రాగన్ బొమ్మ. సినిమా బ్యానర్లు రాసే మనిషి వేసినట్టుంది, దానికి కోరమీసం పెట్టి ఛాతీ కొంచెం ముందుకు విరిచాడు. యజమాని మా మదనపల్లె సాయిబే. బెంగళూరులో కొన్నేళ్ళు పనిచేసి వచ్చినవాడు. "రాండి రాండి, ఫ్యామిలీ క్యాబిన్ ఖాళీ పెట్టినా" అని మమ్మల్ని ఒక పరదా వెనక్కి నడిపించాడు.

క్యాబిన్ అంటే మూడు వైపులా చెక్క గోడలు, నడుమ నేలకు బిగించిన బల్ల, అటొకటి ఇటొకటి బిగించిన బెంచీలు. నన్ను గోడవారకు జరగమన్నారు. జరిగాను. నా పక్కన నాయన కూర్చున్నాడు. ఆయన భారీ మనిషి. ఆయన లేస్తే తప్ప నేను లేవలేను. బల్ల కదలదు. బెంచీ కదలదు. ఆ సంబంధం గురించి నా అభిప్రాయం ఏమైనా, నా శరీరం మాత్రం అప్పటికే కుదిరిపోయింది.

ఎదురు బెంచీలో గోడవారకు, సరిగ్గా నాకు ఎదురుగా, పిల్ల. ఆమె పక్కన వాళ్ళ అవ్వ, అంటే తండ్రి తల్లి. చివర పిల్ల తండ్రి. పిల్ల కూడా అవ్వ లేస్తే తప్ప లేవలేదు. నీలం చీర కట్టుకొని, తల కొంచెం వంచి కూర్చుంది. సిగ్గుతో వంచిందనుకున్నాను. తర్వాత చూస్తే మెనూ కార్డు చదువుతోంది.

"ఏం బావా, ప్రయాణం బాగా జరిగిందా?" అన్నాడు వాళ్ళ నాయన. కింద బస్టాండులో ఆయన మా నాయనను 'అన్నా' అన్నాడు. మెట్లెక్కేసరికి బావ అయ్యాడు.

"బాగా జరిగిందప్పా," అన్నాడు నాయన జాగ్రత్తగా, ఏ వరసా కలపకుండా. "ఒరే, ఆ కార్డు తీసుకో. అన్నం ఉండాదేమో సూడు."

కార్డంతా ఇంగ్లీషు. చదవగలిగినవాళ్ళం మేమిద్దరమే. కార్డేమో ఒక్కటే. ఆమె దాన్ని బల్లమీద నా వైపు తిప్పి, వేలితో ఒక చోట చూపించింది. అక్కడ ఫ్రైడ్ రైస్ రకరకాలుగా బారులు తీరి ఉంది.

"ఉంది నాయనా," అన్నాను.

"ఏంది?"

"వేయించిన అన్నం."

మా నాయన ముఖం చైనా మోసం చేసినట్టుగా మారింది. పిల్ల తండ్రి మాత్రం తొణకలేదు. లేదనుకున్న అన్నం ఉందని తెలిసేసరికి ఆయనకు కొత్త ఆశ పుట్టినట్టుంది. "వేయించినాక ఇంగ అన్నం యాడిది బావా? అది పులిహోర జాతి. టిఫిన్ కిందికే వస్తాది."

"పులిహోర అన్నమే గదప్పా."

"అట్ల కాదు. గుళ్ళో పులిహోర తిని చెయ్యి పంచకు తుడుచుకొని వస్తామా లేదా? భోజనం చేస్తే అట్ల వస్తామా?"

మా నాయన తగవులు తీర్చే మనిషి కాబట్టి ఇది ఆయనకు నచ్చిన పాయింటే. కొంచెంసేపు ఆలోచించాడు కూడా. అమ్మ గుర్తొచ్చిందో ఏమో, "వద్దులే," అన్నాడు.

ముందుగా సూపు వచ్చింది. తెల్లటి గిన్నెల్లో చిక్కగా, కొంచెం మెరుస్తూ ఉంది. సినిమా పోస్టర్లు అంటించడానికి కాచే మైదా జిగురు మా ఊరి గోడల దగ్గర ఎన్నోసార్లు చూశాను. పక్కన స్పూను పెట్టగా చూడటం మాత్రం అదే మొదటిసారి. అవ్వ గిన్నెలోకి వంగి చూసి తీర్పు చెప్పింది.

"ఇది గంజి."

అందరం ఆగిపోయాం. గంజి అయితే అన్నం నుంచి వార్చినదే. అన్నం నుంచి వార్చినది తాగితే అన్నం తిన్నట్టా కాదా? నాయన ఎత్తిన స్పూను మెల్లగా దించాడు. సాయిబు పరదా పట్టుకొని నిలబడి, "అల్లా తోడు అవ్వా, మక్కజొన్న. దీంట్లో బియ్యపు గింజ లేదు," అన్నాడు.

"తెల్లగుండాది గదప్పా."

"లోపలికొచ్చి సూసుకోండి, కావాలంటే."

ఇద్దరు తండ్రులూ లేచారు. ఒక సూపులో బియ్యం ఉందో లేదో విచారించడానికి వంటింట్లోకి పోయారు. నాయన లేచాడు కాబట్టి నాకూ లేవడానికి దారి దొరికింది. కానీ అప్పటికి నాకు లేవాలని లేదు.

ఎదురుగా అవ్వ ఫోర్కును చేతిలో తిప్పుతూ, దాని పళ్ళు ఒక్కొక్కటే తడిమి చూస్తోంది. పిల్ల తల ఎత్తి, సూటిగా నా వైపు చూసి, తొందరగా చెప్పింది.

"నాకు తిరుపతిలో బీఎడ్ సీటు వచ్చిందండి. సోమవారం లోపల చేరల్ల. ఈ సంబంధం కుదిరితే పంపను, కుదరకపోతే పోయి చదువుకో అన్నాడు మా నాయన. మీరు అన్నం తినద్దండి."

ఇట్లాంటి సమయంలో ఏం మాట్లాడాలో కుప్పంలో ఎవరూ నాకు శిక్షణ ఇవ్వలేదు. "పెళ్ళయినాక చదువుకోవచ్చు కదా," అన్నాను. "నాకేం అభ్యంతరం లేదు."

"మా అక్కకు కూడా అట్లే సెప్పినారు," అంది.

ఆ మాటలో కోపం లేదు. ఫలానా బస్సు ఫలానా వేళకు రాదని చెప్పినట్టు చెప్పింది. "తినను," అన్నాను. ఆమె మళ్ళీ మెనూ కార్డు మీదికి వంగింది. అవ్వ ఫోర్కు బల్లమీద పెట్టేసింది. ఆమె విన్నదో లేదో ఆ ముఖం చూసి చెప్పడం నా వల్ల కాలేదు.

పెళ్ళిచూపులంటే పిల్ల నచ్చిందో లేదో తేల్చుకోవడమని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. నాకు ఆ పిల్ల నచ్చింది. ఎప్పుడు నచ్చిందంటే, సరిగ్గా నన్ను వద్దన్నప్పుడు. ఇంతకంటే అనుకూలమైన సమయం నా జాతకంలో లేదు కాబోలు.

తండ్రులిద్దరూ వంటింటి నుంచి విజయగర్వంతో తిరిగొచ్చారు. "మక్కజొన్నే! నా కండ్లతో సూసినా," అన్నాడు పిల్ల తండ్రి. నాయన నా పక్కన కూర్చుని దారి మూసేశాడు. సూపు తాగాం. అవ్వ దాంట్లో ఉప్పు వేసుకొని, ఊరగాయ అడిగింది. సాయిబు పచ్చిమిరపకాయలు వేసిన వినిగర్ తెచ్చిచ్చాడు. ఆమె వాసన చూసి, సీసాను మర్యాదగా నా వైపు జరిపింది.

తర్వాత నూడుల్స్. "సేమ్యా," అన్నాడు నాయన ఊరటగా. సేమ్యా టిఫినే, సందేహం లేదు. "ఎవురో బాగా సాగదీసినారు," అంది అవ్వ. నేను ఎడమచేత ఫోర్కు, కుడిచేత స్పూను పట్టుకొని దిగాను. ఇడ్లీకీ దీనికీ స్వభావంలో తేడా ఉంది. ఇడ్లీ పెట్టినచోట ఉంటుంది. ఇది ఫోర్కుకు చుట్టుకొని పైకి వచ్చి, నోటి దాకా నమ్మకంగా నడిచి, ఆఖరి క్షణంలో చొక్కా మీదికి దూకింది. పిల్ల తండ్రి రెండు స్పూన్లతో ప్రయత్నించి వదిలేశాడు. నాయన గోళ్ళు గిల్లుకుంటూ పళ్ళెం వైపు చూస్తున్నాడు. చేత్తో తినేస్తే సరిపోయేది. కానీ చెయ్యి పెడితే కడగాలి, కడిగితే ఏమవుతుందో అని భయం. పిల్ల మాత్రం తొందర లేకుండా, కొంచెం కొంచెంగా, చక్కగా తింటోంది. ఎక్కడ నేర్చుకుందో అడగాలనిపించింది. అడిగే వరస ఇంకా ఏర్పడలేదు. ఏర్పడకూడదని మాట కూడా ఇచ్చాను.

ఆ తర్వాత పులుసులో వేసిన బోండాల్లాంటివి వచ్చాయి. అవి కాస్త తెలిసిన ముఖాలు కాబట్టి అందరం స్పూన్లతోనే ఆదరించాం. నాయన నంజుకోవడానికి పక్కనున్న ఎర్రటి చట్నీ ధారాళంగా వేసుకున్నాడు. అదేమిటో సాయిబు చెప్పేలోగా సగం బోండా లోపలికి పోయింది.

అప్పుడే పరదా తొలగింది. సాయిబు పెద్ద పళ్ళెంతో లోపలికొచ్చాడు. పైన ఆవిర్లు, కింద అన్నం. క్యారెట్టు ముక్కలూ బీన్సు ముక్కలూ వేసి ఎంత వేషం కట్టినా అన్నాన్ని గుర్తుపట్టనివాళ్ళు అక్కడ ఎవరూ లేరు.

"వంటింట్లోకి పోయినప్పుడు నేనే సెప్పినా," అన్నాడు పిల్ల తండ్రి. "అల్లుడికి ముందు వడ్డించప్పా."

పిల్ల తండ్రి వరసలు కలపడం బావ దగ్గర మొదలుపెట్టి నా దాకా వచ్చాడు. సాయిబు గరిటె నిండా తీసుకొని నా పళ్ళెం మీదికి వంచాడు. నేను రెండు చేతులూ పళ్ళెం మీద అడ్డం పెట్టాను. గరిటె ఆగింది కానీ వెనక్కి పోలేదు. ఎడమ పక్క గోడ. కుడి పక్క నాయన. ఎదురుగా బల్ల. పైన గరిటె.

"వద్దండి."

"ఒక్క గరిటె. మామ అడుగుతాండాడు, కాదంటావా?" అన్నాడు పిల్ల తండ్రి.

"కడుపు నిండిందండి."

"ఆ సేమ్యాకే? సగం నీ సొక్కాయి తినింది గదా!"

అందరూ నవ్వారు. ఎదురుగా చూడకుండా ఉండటానికి నేను సోయా సాసు సీసా వైపు చూశాను. నా చేతుల వెనక ఆవిరి తగిలి కాలుతోంది. ఇంకో సాకు తోచలేదు. నిజం ఒక్కటే మిగిలింది. అది కూడా మగవాడు నలుగురిలో చెప్పుకొనేది కాదు.

"మా అమ్మ వద్దంది," అన్నాను.

పిల్ల తండ్రి బెంచీకి ఆనుకొని పెద్దగా నవ్వాడు. "బ్యాంకులో ఉద్యోగం జేసే మొగోడివి, అన్నం తినల్లంటే అమ్మను అడుగుతావా? ఏం బావా, ఇట్ల పెంచినావు?"

మా నాయన కూడా అదే ఆజ్ఞకు కట్టుబడి వచ్చిన మనిషి. అయినా ఆయన నా తరఫున ఒక్క మాట మాట్లాడలేదు. ఏదో తెలియని కుర్రవాణ్ణి చూసినట్టు నన్ను చూశాడు. గరిటె వెనక్కి పోయింది. నేను మాట నిలబెట్టుకున్నాను. అది ఇంత అవమానంగా ఉంటుందని ముందు తెలియదు.

సంగతి అక్కడితో అయిపోవలసింది. కానీ నాయన నోట్లో మిరపకాయ చట్నీ ఇంకా పని చేస్తోంది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. చెవులు ఎర్రబడ్డాయి. తెల్లవారి తాగిన కాఫీ తప్ప ఆయన కడుపులోకి ఆయన ఒప్పుకున్న తిండి ఏదీ పోలేదు. సాయిబు దయగల మనిషి. ఏం జరిగిందో చూసి, పరుగున కిందికి పోయి, పక్క మెస్సు నుంచి ఒక కప్పులో పెరుగన్నం తెచ్చి, దాంట్లో స్పూను గుచ్చి నాయన ముందు పెట్టాడు.

"మంట తగ్గతాది. తీసుకోండన్నా."

నాయన ఏ ఆలోచనా లేకుండా స్పూను తీసుకున్నాడు. ఒకటి, ఇంకొకటి. ముఖంలోకి ప్రాణం వచ్చింది. ఎర్రటి లాంతర్లూ మీసాల డ్రాగనూ ఉన్న ఆ మేడమీద, పొద్దున్నించి ఆయన గుర్తుపట్టిన మొదటి పదార్థం అదే. కప్పు అడుగు గీకుతున్నప్పుడుగానీ బల్ల చుట్టూ అందరూ తననే చూస్తున్నారని ఆయనకు తెలియలేదు.

పిల్ల తండ్రి మెల్లగా లేచి నిలబడ్డాడు. ముఖం వెలిగిపోతోంది. ఇంత సేపూ చైనా అన్నంతో సాధించలేనిది కప్పు పెరుగన్నం సాధించింది.

"శానా సంతోషం బావా! సాయిబూ, చెంబుతో నీళ్ళు తెప్పించప్పా. మా బావ చెయ్యి కడుక్కుంటాడు."

నాయన స్పూను గాల్లోనే ఆగింది. నేను తినకపోతేనేం, ఇంటి పెద్ద తిన్నాడు. ఇంటి పెద్ద తింటే ఇల్లు తిన్నట్టే. నీళ్ళు వచ్చాయి. చెంబు కాదు, స్టీలు జగ్గు. పిల్ల తండ్రే దాన్ని అందుకున్నాడు.

నేను ఎదురుగా చూశాను. ఆమె నా వైపు చూడటం లేదు. గోడ వైపు చూస్తోంది. చెక్క గోడలో చూడటానికి ఏమీ లేదు. ఆ ముఖంలో నామీద కోపం కూడా లేదు. నేనేం చేశాను? నేను తినలేదు. ఇచ్చిన మాట తప్పలేదు. నోరు మూసుకొని కూర్చుంటే చాలు, వచ్చే నెల దాటగానే ఆ పిల్ల మా ఇంట్లో ఉంటుంది. తప్పు నాది కాదు, పెరుగుది. నా జీవితంలో ఇంత సులువుగా ఏదీ నా చేతికి రాలేదు. నోరు మూసుకోవడం నాకు బాగా వచ్చిన పని కూడా.

జగ్గు వంగింది. నాయన అలవాటు కొద్దీ చెయ్యి చాపాడు. ఆ చెయ్యి నా కళ్ళ ముందే ఉంది. ఒక్క మెతుకు లేదు. పొడిగా ఉంది.

"నాయన చెయ్యి శుభ్రంగానే ఉంది కదా," అన్నాను. "స్పూనుతో కదా తిన్నాడు. కడగడానికి ఏముంది?"

పిల్ల తండ్రి జగ్గు అట్లాగే పట్టుకొని నన్ను చూశాడు. "స్పూనుతో తింటే తిన్నట్టు కాదా?"

"చెయ్యి కడగడం ఎంగిలి చేతికి కదండీ," అన్నాను.

"ఏందిది, కోర్టులో మాట్లాడినట్ల మాట్లాడతాండాడు," అన్నాడాయన వాళ్ళమ్మ వైపు తిరిగి. "సెప్పు మా, నువ్వన్నా సెప్పు."

అవ్వ ముందుకు వంగి, మా నాయన చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకొని, వెనక్కీ ముందుకీ తిప్పి చూసింది. గాజులు అమ్మేవాళ్ళు చెయ్యి కొలత చూసినట్టు చూసింది.

"మెతుకు అంటలేదురా," అంది. "ఎంగిలి కాని చెయ్యి కడిగేదేంది? చేత్తో కలపంది బువ్వ ఎట్లయితాది? పిల్లోడి తల్లి ఇంకా సూడనే లేదు. ఆయమ్మ వచ్చి సూడనీ. యాల తొందర?"

"ఆయమ్మ ఎప్పుడొస్తాదో! సోమవారం..." అని కొడుకు ఆగిపోయాడు.

"సోమవారం పాప తిరపతికి పోతాది. నువ్వేగా సెప్పినావు, కుదరకపోతే పంపిస్తానని. ఇంకా కుదరలేదు."

ఆయన జగ్గు బల్లమీద పెట్టాడు. కొంచెం గట్టిగానే పెట్టాడు. పిల్ల గోడ వైపు నుంచి ముఖం తిప్పి, తన పళ్ళెంలో మిగిలిన నూడుల్స్ తినడం మొదలుపెట్టింది. చివరిదాకా తింది. లేచేటప్పుడు కూడా నా వైపు చూడలేదు. చూస్తే వాళ్ళ నాయనకు ఏదో ఒకటి అర్థమయ్యేది. నాకు ఆ మాత్రం తెలుసు.

మెట్ల దగ్గర పిల్ల తండ్రి మా నాయనకు దణ్ణం పెట్టి, "పోయొస్తామన్నా," అన్నాడు. బావ మేడమీదే ఉండిపోయాడు.

బస్టాండులో పుంగనూరు బస్సు కదలడానికి ఇంకా వ్యవధి ఉంది. నాయన నేరుగా ఎదురుగా ఉన్న మెస్సులోకి దారి తీశాడు. వెనకే పోయాను. విస్తర్లు వేసి, అన్నం, పప్పు, చారు వడ్డించారు. నాయన చొక్కా చెయ్యి పైకి మడిచి, అయిదు వేళ్ళూ అన్నంలో పెట్టి కలిపి, మొదటి ముద్ద మింగి కళ్ళు మూసుకున్నాడు. తర్వాత కళ్ళు తెరిచి, గల్లా దగ్గరున్న యజమాని వైపు ఒకసారి చూశాడు.

"ఆయప్పకు పెండ్లీడు ఆడపిల్ల లేదు గదా?" అన్నాడు గొంతు తగ్గించి.

"తెలీదు నాయనా."

"పొద్దున్నించి తిండంటేనే భయం పట్టుకొనింది." ఇంకో ముద్ద కలిపాడు. నా వైపు చూడకుండానే అడిగాడు. "మేం వంటింట్లోకి పోయినప్పుడు ఆ పాప ఏమన్నా సెప్పిందా నీకు?"

నేను చారు పోయించుకున్నాను. నా జవాబు అంతేనని ఆయనకు అర్థమైనట్టుంది.

"పిల్ల ఎట్లుండాది?"

"బాగుంది."

"మరి స్పూను, ఎంగిలి అని ఆ వాదనంతా యాల?"

బయట కండక్టరు పుంగనూరు, పుంగనూరు అని అరుస్తున్నాడు. నాయన తింటూనే ఉన్నాడు. జవాబు కోసం ఆగుతున్నట్టూ ఉంది, వద్దనుకున్నట్టూ ఉంది. నా విస్తట్లో అన్నం అట్లాగే ఉంది. ఆకలిగానే ఉంది. అన్నం మీద ఎవరి ఆంక్షా లేదు. ఆ పూట మదనపల్లెలో నేను ఎంత అన్నం తిన్నా ఎవరికీ ఏమీ కాను. చెయ్యి పెట్టి కలిపాను.